మూడోసారి అడగని క్యాలెండరు

వేణుమాధవ్‌కు ఎవరైనా టీ ఇవ్వబోతే మొదట వద్దంటాడు. టీ మీద ఆయనకు కోపమేమీ లేదు. రోజుకు ఎన్ని తాగుతాడో చూసుకోవడం ఇంట్లోవాళ్లు ఎప్పుడో మానేశారు. కానీ అడగ్గానే అందుకుంటే ఆశపోతు అనుకుంటారని భయం. రెండోసారి అడిగితే ఇప్పుడే తాగానంటాడు. మూడోసారి గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేస్తే, "మీరు ఊకోరు గద" అని నిష్ఠూరంగా అందుకుని, ఊదకుండానే తాగేస్తాడు. పెళ్లి విందులో స్వీటు దగ్గరా, బస్సులో సీటు దగ్గరా, చుట్టాలింట్లో మంచం దగ్గరా ఇదే వరస. మర్యాద గల మనిషి మూడోసారికి గానీ లొంగకూడదని ఆయన గట్టి నమ్మకం.

గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఆఫీసు ఒకదానిలో, పర్సనెల్ సెక్షన్‌కు సూపరింటెండెంటు ఆయన. ఆగస్టు ఆఖరున రిటైరవుతున్నాడు. ఆఫీసులో ఆయన చేసే పనులు చాలానే ఉన్నా, కాలనీల్లో అందరూ ఆయన్ని ఎరిగింది ఒక్క పనికే. నెలాఖరున ఎవరు దిగిపోతున్నా వాళ్ల సన్మానం ఆయన చేతుల మీదుగా జరగాలి. శాలువా ఏ రంగుదో, దండలు ఎన్ని కావాలో, వేదిక మీద భార్యకు కుర్చీ ఎటువైపు వెయ్యాలో, డప్పులవాళ్లు ఎక్కడి దాకా రావచ్చో ఆయనే చెప్పాలి. బాయిలోకి, అంటే గనిలోకి, దిగి బొగ్గు కొట్టిన మనిషి ఈ హడావుడి చూసి సిగ్గుపడి, నాకెందుకు సారూ ఇవన్నీ అంటాడు. వేణుమాధవ్ నవ్వి ఊరుకుంటాడు. మర్నాడు మళ్లీ అడుగుతాడు. మూడోసారి నేరుగా వాళ్ల క్వార్టరుకే వెళ్లి కూర్చుంటాడు. మూడోసారి కూడా కాదన్నవాడు ఆయన సర్వీసులో ఒక్కడూ తగల్లేదు.

మత్తయి సంగతే చూడండి. నడుము పోయి, మెడికల్ అన్‌ఫిట్ అయి దిగిపోయాడు. ఆ ఉద్యోగం కూతురు సుజితకు వచ్చింది. అలా దిగిపోయినవాళ్లకు సన్మానాలు చేసే అలవాటు అక్కడ లేదు. వేణుమాధవ్ మాత్రం వాళ్లింటికి మూడుసార్లు తిరిగి, మత్తయిని ఆటోలో ఎక్కించుకొచ్చి, వేదిక మీద కూర్చోబెట్టి దండ వేయించాడు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల ముందు గదిలో, బైబిల్ వాక్యం రాసిన పటం పక్కనే ఉంటుంది. సుజిత ఇప్పుడు వేణుమాధవ్ సెక్షన్‌లోనే, ఆయనకు ఎదురు టేబులు దగ్గర కంప్యూటరు ముందు కూర్చుంటుంది.

ఈ మధ్యనే, జూన్‌లో, ప్రశాంత్ అనే కొత్త ఆఫీసరు వచ్చాడు. చదువుకున్నవాడు, మంచివాడు, కాస్త తొందర మనిషి. వచ్చిన వారంలోనే ఆయనకు ఆఫీసు తీరు అర్థమైపోయింది. ఒక పొద్దున మీటింగు హాల్లో రక్షణ కమిటీ కూర్చుని ఉండగా ఆటల కమిటీ తలుపు తీసింది. రెండు కమిటీలూ సర్దుకుంటుండగా యూనియన్ వాళ్లు తమ కుర్చీలు తామే మోసుకుంటూ వచ్చారు. హాలు మీదేనని ముగ్గురికీ చెప్పింది అటెండరు పోశం. పోశం చెడ్డవాడు కాడు. హాలు కావాలని అడిగిన మనిషిని మొహమ్మీద కాదనలేకపోయాడు, అంతే. చివరికి మూడు మీటింగులూ అదే హాల్లో ఒకేసారి జరిగాయి. వాలీబాల్ నెట్టు కొత్తది కొనాలన్న తీర్మానం రక్షణ కమిటీ మినిట్స్‌లో ఆ రోజే ఎక్కింది, దాన్ని తీయించడానికి ప్రశాంత్‌కు మరో మీటింగు పెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత ప్రశాంత్ అందరి కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఒక క్యాలెండరు పెట్టించాడు. ఒకరు అందులో ఎక్కిస్తే అందరికీ కనిపిస్తుంది. మీటింగు ఎప్పుడో, హాలు ఎవరిదో, ఎవరు సెలవులో ఉన్నారో అన్నీ అందులోనే. పిలుపు కూడా అందులోనే వస్తుంది. కింద అవును, కాదు, బహుశా అని మూడు బటన్లుంటాయి. ఒకటి నొక్కితే చాలు. దీన్ని అందరిచేతా వాడించే బాధ్యత సీనియర్ కాబట్టి వేణుమాధవ్‌కు అప్పగిస్తూ, మీరు వాడితే అందరూ వాడతారండి అన్నాడు. వేణుమాధవ్ రెండుసార్లు నాకెందుకు సార్ అని, మూడోసారి ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక మాత్రం ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. వాడటం సుజితకు వదిలేసి, వాడించడం తను అందుకున్నాడు. పొద్దున్నే టేబులు టేబులుకూ తిరిగి, క్యాలెండర్లో పిలుపు వచ్చింది చూశారా అని అడిగేవాడు. చూడలేదంటే, పాపం కదా అని, అందులో ఏముందో తనే చదివినట్టు చెప్పేవాడు. దాంతో ఎవరికీ దాన్ని తెరవాల్సిన అవసరం రాలేదు. మీటింగుకు రాలేదేమని నిలదీస్తే, శాంతిరాజ్ అనే గుమస్తా మొహం ముడుచుకున్నాడు. ఫోను టింగుమంటే పిలిచినట్టా, మనిషన్నవాడు వచ్చి చెప్పొద్దా అని ఆయన వాదన. కూతురి పెళ్లికి కాసిపేట దాకా ఇల్లిల్లూ తిరిగి పిలిచొచ్చినవాడు శాంతిరాజ్. ఆయన మాటలో తప్పు పట్టడానికి వేణుమాధవ్‌కే మనసొప్పలేదు.

ఇక బటన్ల సంగతి. మొదట్లో అందరూ బహుశా నొక్కారు. ఆ బటను ఎవడు కనిపెట్టాడో గానీ మనవాళ్లను చూసే కనిపెట్టి ఉంటాడు. ఎవరి మనసూ నొచ్చదు, ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. ప్రశాంత్ విసిగిపోయి ఆ బటను ఇక నొక్కకూడదని ఆర్డరు వేశాడు. అప్పుడు అందరూ అవును నొక్కారు, ఎవరూ రాలేదు. పిలిచినవాణ్ని పట్టుకుని కాదంటామా, అవునంటాం. అవునన్నంత మాత్రాన వెళ్తామా. ఒక రోజు ఖాళీ హాల్లో ప్రశాంత్ ఒక్కడూ కూర్చుని, తెర నిండా ఉన్న అవునుల వంక చూస్తున్నాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పేలి కిటికీ అద్దాలు గడగడలాడాయి. తలుపు దగ్గర నిలబడ్డ వేణుమాధవ్‌కు ఆయన మీద నిజంగా జాలేసింది.

ఆ సాయంత్రమే సెక్షన్ మొత్తాన్నీ నిలబెట్టి రూలు పెట్టాడు.

"ఇగ మొహమాటం బంద్. అవునంటే అవునే, రావాలె. కాదంటే కాదే, మళ్ల ఎవ్వరు అడగద్దు, బతిలాడద్దు. అవునని రానోడు సెక్షన్ మొత్తానికి మిర్చి బజ్జీలు తేవాలె."

కాదన్నవాణ్ని మళ్లీ అడిగితే ఏం చేస్తారని శాంతిరాజ్ సందేహం అడిగాడు.

"అడిగినోడు గూడ తేవాలె," అన్నాడు వేణుమాధవ్.

కొన్నాళ్లు గేటు ఎదుటి బజ్జీల బండికి మంచి గిరాకీ నడిచింది. తర్వాత తగ్గింది. ఎందుకంటే జనం కాదు అని నొక్కడం నేర్చుకున్నారు, అవునన్నవాళ్లు నిజంగానే రావడం మొదలుపెట్టారు. జూలై ఆఖరుకల్లా ఆఫీసంతా క్యాలెండరులోకి కాపురం మార్చేసింది. పోశం తన కొడుకు ఏ వారం ఏ షిఫ్టో ఎక్కించాడు. శాంతిరాజ్ కాలనీలో నల్లా నీళ్లు వచ్చే వేళలు ఎక్కించాడు. ఎవరో రామకృష్ణాపూర్‌లో మేనల్లుడి పెళ్లి కూడా పెట్టి అందర్నీ పిలిచారు, వెళ్లలేనివాళ్లు మొహమాటం లేకుండా కాదని నొక్కారు. ప్రశాంత్ వేణుమాధవ్ చెయ్యి పట్టుకుని ఊపితే, నాదేముంది సార్ అని ఆయన మెలికలు తిరిగాడు.

ఆగస్టు వచ్చింది. పైకి మామూలుగానే ఉన్నా వేణుమాధవ్‌కు లోపల గుబులుగా ఉంది. ఇన్నేళ్లు అందరి మెడల్లో దండలు వేయించినవాడికి తన మెడలో ఒకటి పడాలని ఉండదా. ఉంది, చాలా ఉంది. నడుస్తుంటే కూడా వేదిక కళ్లముందు కనిపించేది. మైకు దగ్గర ఏం మాట్లాడాలో స్నానం చేస్తూ అనుకునేవాడు. ఆయన భార్య తిరుమల అప్పుడే చౌరస్తాలో పట్టుచీర కొని, జాకెట్టు కుట్టడానికి ఇచ్చొచ్చింది. ఆమె ఎన్నడూ ఆఫీసు ఫంక్షన్లకు రాలేదు. ఆయన పక్కన వేదిక మీద కూర్చోవడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. చీర రంగేమిటని ఆయన అడిగితే, ఆ రోజే చూద్దురు అని బీరువాలో దాచేసింది.

నెల సగం గడిచాక ఒక మధ్యాహ్నం ఆయన ఫోను టింగుమంది. కళ్లజోడు సర్దుకుని చూశాడు. వేణుమాధవ్ సార్ పదవీ విరమణ సన్మానం, ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రం, క్లబ్బు హాలు అని ఉంది. పంపింది సుజిత. అందరికీ వెళ్లినట్టే ఆయనకూ వచ్చింది. ఆయన గుండె నిండిపోయింది. కళ్లు చెమర్చితే ఎవరూ చూడకుండా తుడుచుకున్నాడు. తర్వాత, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్నట్టే, కాదు నొక్కాడు.

మరేం చెయ్యమంటారు? నాకు దండలు వెయ్యండి, అవును, తప్పకుండా వస్తాను అని మర్యాద తెలిసినవాడు తన వేలితో తనే నొక్కుకుంటాడా? నొక్కాక ఆయన కుర్చీలో కాస్త వెనక్కి వాలి, వాళ్లు వచ్చి బతిమాలే దాకా చదువుదామని ఒక ఫైలు తెరిచాడు.

ఎదురు టేబులు దగ్గర సుజిత తెర వైపు చూసి, ఆయన వైపు చూసింది. లేచి దగ్గరికి వచ్చింది.

"సార్, మీ నుంచి కాదని వచ్చింది. చూసే నొక్కిన్రా?"

"చూసే నొక్కిన బిడ్డా. నాకెందుకు గవన్ని," అన్నాడు వేణుమాధవ్ తల ఎత్తకుండా.

రెండుసార్లు అయ్యాయి. ఇంక ఒక్కటే మిగిలింది. ఆయన కాగితాలు తిప్పుతూ చెవులు మాత్రం ఆమె వైపు పెట్టి కూర్చున్నాడు. సుజిత కాసేపు అక్కడే నిలబడి ఏదో అనబోయింది. ఇంతలో శాంతిరాజ్ తన కుర్చీలోంచే, రూలు సార్ పెట్టిందే, ఇప్పటికే ఒకసారి ఎక్కువ అడిగినవు బిడ్డా అని గుర్తు చేశాడు. సుజిత తలూపి వెళ్లి కూర్చుంది. కొద్దిసేపటికి వేణుమాధవ్ ఫోను మళ్లీ టింగుమంది. ఆ కార్యక్రమం రద్దయినట్టు తెలియజేసింది.

ఆయన మొదట నమ్మలేదు. పిల్లలు గుట్టుగా ఏదో చేస్తున్నారని సర్దిచెప్పుకున్నాడు. మర్నాడు క్లబ్బు హాలు సంగతి మాటల్లో పెట్టి కనుక్కుంటే, ఆ రోజు అదే వేళకు ఆటల కమిటీ క్యారమ్స్ పోటీ పెట్టుకుందని తేలింది. హాలు ఖాళీ అయిందని క్యాలెండరు చూపించగానే వాళ్లు ఎక్కించేశారట. క్యాలెండరును ఇంత చురుగ్గా వాడటం నేర్పింది ఎవరో ఆయనకు తెలుసు కాబట్టి ఎవరినీ ఏమనలేకపోయాడు.

మాట కదిపి చూశాడు. నెలాఖరుకు దండల షాపాయనకు చెప్పారా అని పోశంను అడిగాడు. ఈ నెల దిగేది మీరొక్కరే, మీరేమో వద్దన్నారట కదా అన్నాడు పోశం. ప్రశాంత్ అయితే గదిలోకి పిలిచి మరీ మెచ్చుకున్నాడు. ఇంత సర్వీసు చేసి ఆడంబరం వద్దనుకోవడం అందరి వల్లా కాదండి, నాకు మీ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది అన్నాడు. వేణుమాధవ్ నవ్వి, తలూపి, బయటికి వచ్చి మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. సీటు దగ్గరికి వచ్చేసరికి పోశం టీ తెచ్చాడు. అలవాటుగా వద్దన్నాడు. పోశం సరే సార్ అని గ్లాసు తీసుకుని పక్క టేబులుకు వెళ్లిపోయాడు. ఆఫీసు మొత్తం రూలు చక్కగా నేర్చుకుంది, ఆ వారమంతా ఆయనకు టీ సరిగ్గా దొరకలేదు.

ఇంటి దగ్గర జాకెట్టు కుట్టి వచ్చింది. వాన వెలిసిన ఒక సాయంత్రం తిరుమల క్వార్టరు అరుగు మీద పుంటికూర తెంపుతూ, మా చెల్లెలు వాళ్లు కూడా వస్తామంటున్నారు, ఎన్నింటికి రమ్మనాలి అని అడిగింది. వేణుమాధవ్ తలొంచి చెప్పుల వంక చూశాడు. తర్వాత అంతా చెప్పేశాడు. పిలుపు వచ్చిందీ, తను కాదని నొక్కిందీ, సుజిత అడిగితే మళ్లీ కాదన్నదీ, హాలు క్యారమ్స్ ఆడేవాళ్లకు పోయిందీ.

తిరుమల చేతిలో పుంటికూర కట్ట జారిపోయింది. ఆమె నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గోడ అవతలి నుంచి పక్క క్వార్టరావిడ, ఏమైందక్కా అని అడిగేంతగా నవ్వింది. వేణుమాధవ్‌కు ఉక్రోషం వచ్చింది.

"రెండుసార్లు అడిగి ఊకుంటరా? గదేం పద్ధతి?" అన్నాడు.

తిరుమల నవ్వు ఆపింది. జారిన కూర ఏరుకుంటూ, "మీరెన్నిసార్లు అడుగుతరు?" అంది.

"ఎవరిని?"

"నన్ను. మత్తయి అన్న ఇంటికి మూడుసార్లు పోయిన్రు. అందరి ఇండ్లకు గట్లనే పోతరు. నన్ను ఒక్కసారి అడుగుతరు, తిరుమలా వస్తవా అని. నాకెందుకు అంట నేను. మీరు చెప్పులేసుకొని పోతరు."

కోపంగా అనలేదు. కూర ధర చెప్పినంత మామూలుగా అంది. ఆయనకు ఆఫీసువాళ్ల కాళేశ్వరం ట్రిప్పు గుర్తొచ్చింది, కంపెనీ వార్షికోత్సవాలు గుర్తొచ్చాయి, మత్తయి సన్మానమూ గుర్తొచ్చింది. ఆ రోజు మత్తయి భార్యకు కుర్చీ ఎటు వెయ్యాలో ఎంత పట్టింపుగా చూశాడో గుర్తొచ్చింది. ప్రతిసారీ తిరుమల నాకెందుకంది. ప్రతిసారీ ఆయన సరే అని గేటు వేసుకుని వెళ్లాడు. ఆమెకు ఇలాంటివి ఇష్టం ఉండదని ఇన్నేళ్లూ అనుకున్నాడు. అలా అనుకుంటే మళ్లీ అడిగే పని ఉండదు మరి. వేణుమాధవ్‌కు సిగ్గు వేసింది. సన్మానం పోయినందుకు పడ్డ బాధకన్నా అది ఎక్కువగా ఉంది.

"రేపు పోయి అడుగున్రి," అంది తిరుమల లేస్తూ. "కావాలె అని చెప్పున్రి. చెప్తే ఏం పోతది."

మర్నాడు ఆయన అందరికంటే ముందే ఆఫీసుకు వెళ్లి, వచ్చిన పిలుపుకు బటను నొక్కడం కాకుండా క్యాలెండరునే మొదటిసారి తన చేత్తో తెరిచాడు. చూస్తే అదేమంత బ్రహ్మవిద్య కాదు. ముప్ఫై ఒకటో తేదీ మీద నొక్కగానే ఆ రోజు సంగతంతా బయటపడింది. పొద్దున రక్షణ కమిటీ, తర్వాత యూనియన్ వాళ్లు, సాయంత్రం క్లబ్బులో క్యారమ్స్. మీటింగు హాలు మాత్రం మధ్యాహ్నం నుంచీ తెల్లగా ఖాళీగా ఉంది. అక్కడ వేలు పెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. మొదట నా సన్మానం అని కొట్టి, చదువుకుని, మరీ సిగ్గనిపించి చెరిపేశాడు. వేణుమాధవ్ సన్మానం అని మళ్లీ కొట్టాడు. వివరాలు అన్నచోట ఏం రాయాలో తెలియలేదు. చాలాసేపు ఆలోచించి, నాకు కావాలె, అందరు రావాలె అని రాశాడు. సెక్షన్ నిండే దాకా ఆగి, కళ్లు మూసుకుని అందరికీ పంపేశాడు. చెవులు వేడెక్కాయి.

గదిలో ఫోన్లన్నీ వరసగా టింగుమన్నాయి. అందరూ తలలు వంచి చూసుకున్నారు. తర్వాత ఆయన తెర మీద జవాబులు రావడం మొదలైంది. సుజిత కాదంది. శాంతిరాజ్ కాదన్నాడు. పోశం కాదన్నాడు. ఆ వెనక మిగతావాళ్లూ ఒకరి తర్వాత ఒకరు కాదన్నారు. లోపలి గదిలోంచి ప్రశాంత్ దగ్గర్నుంచి కూడా కాదు అనే వచ్చింది.

వేణుమాధవ్ మొహంలో రక్తం ఇంకిపోయింది. ఇంత సర్వీసుకు ఇదా అనుకున్నాడు. కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టాడు. కళ్లజోడు లేకపోయినా ఒక్క సంగతి మాత్రం కనిపించింది. తలుపు దగ్గర నిలబడ్డ పోశం భుజాలు నవ్వుకు ఎగిరెగిరి పడుతున్నాయి.

సుజిత లేచి ఆయన టేబులు దగ్గరికి వచ్చింది.

"ఒక్కసారి పిలిస్తే ఎట్లొస్తం సార్? మాకు మర్యాద లేదా?" అంది.

ఆయన ఆ అమ్మాయి మొహం వంక చూశాడు. నవ్వుతోంది గానీ కళ్లలో నీళ్లున్నాయి. రాత్రి ఇంట్లో తండ్రి చేత బాగా చీవాట్లు తిన్నానని చెప్పింది. సారు నా కోసం మూడుసార్లు ఇంటికొచ్చాడు, నువ్వు ఎదురు టేబులు దాకా మూడోసారి నడవలేకపోయావా అని మత్తయి అన్నం దగ్గర్నుంచి లేచిపోయాడట. బజ్జీలైనా తెద్దాం, మూడోసారి అడుగుదాం అని పొద్దున్నే గేటు దగ్గర అందరితోనూ, ప్రశాంత్ సార్‌తోనూ మాట్లాడుకుని వచ్చేసరికి, ఆయన పిలుపే ముందు వచ్చిందట. వస్తే ఊరికే వదులుతామా అన్నాడు శాంతిరాజ్ అక్కడి నుంచి.

వేణుమాధవ్ లేచి నిలబడ్డాడు. గొంతు సర్దుకుని, అందరూ తన సన్మానానికి రావాలని రెండోసారి పిలిచాడు. శాంతిరాజ్ ఇంట్లో పనుందన్నాడు. పోశం కొడుకుది ఆ రోజు సెకండ్ షిఫ్టన్నాడు, కొడుకు షిఫ్టుకూ పోశం రావడానికీ ఏం సంబంధమో చెప్పలేదు. మూడోసారి ఆయన సీటు వదిలి, రిటైరయ్యేవాళ్ల ఇళ్లకు తిరిగినట్టే, టేబులు టేబులుకూ తిరిగాడు. ప్రతి ఒక్కరి ముందూ నిలబడి, నాకు మనసులో ఉంది, నువ్వు రావాలి అన్నాడు. పెదవి దాటడానికి మొదటి టేబులు దగ్గర మాత్రమే ఆ మాట మొరాయించింది. ఆయన తిరిగి తన సీటుకు వచ్చేసరికి తెర మీద కాదులన్నీ అవునులైపోయి ఉన్నాయి. ప్రశాంత్ గదిలోంచి వచ్చి, ఈ మూడుసార్ల లెక్క నాకెవరూ నేర్పలేదండి అన్నాడు.

అప్పుడు శాంతిరాజ్ పాత రూలు బయటికి తీశాడు. కాదన్నవాళ్లను మళ్లీ అడిగిన మనిషి బజ్జీలు తేవాలని పెట్టింది ఎవరు? ఈయన అడిగింది ఒక్కర్ని కాదు, సెక్షన్ మొత్తాన్ని. వేణుమాధవ్ మారుమాట్లాడకుండా పోశంను వెంటేసుకుని బండి దగ్గరికి వెళ్లాడు. బజ్జీలతోపాటు టీ కూడా వచ్చింది. పోశం గ్లాసు చాపగానే ఆయన అందుకున్నాడు. గదిలో ఒక్క క్షణం అందరూ అటే చూశారు.

సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు విడిగా ఒక పొట్లం కట్టించుకున్నాడు. తిరుమల అరుగు మీదే ఉంది. పని జరిగిందా అని కళ్లతోనే అడిగింది. జరిగిందన్నట్టు తలూపి, పొట్లం ఆమె పక్కన పెట్టాడు. చెప్పులు విడిచి గోడ వారగా పెట్టి, అరుగు మీద కూర్చున్నాడు.

"తిరుమలా, ముప్పయి ఒకటికి వస్తవా?"

"నాకెందుకు, మీరు పోయిరాన్రి," అంది ఆమె. జాకెట్టు అప్పటికే లోపల హ్యాంగరుకు వేలాడుతోంది. అయినా నోటికి అలవాటైన మాట అది.

వేణుమాధవ్ కదల్లేదు. "నువ్వు రావాలె," అన్నాడు.

ఆ రోజు చెల్లెలు వాళ్లు వస్తారు, వంటెవరు చేస్తారు, గిన్నెలెవరు తోముతారు అని ఆమె వరసగా చెప్పుకొచ్చింది. చెబుతూ వాకిట్లో ఎక్కడో చూస్తోంది. ఆయన చివరిదాకా విన్నాడు. ఇన్నేళ్లలో ఆమె ఎందుకు రానందో చివరిదాకా వినడం ఇదే మొదటిసారి.

"కుర్చీ నా కుడిపక్కన ఏపిస్తున్న," అన్నాడు. "నువ్వు లేకుంటే నేను కూసోను. వస్తవా?"

తిరుమల పొట్లం విప్పి ఒక బజ్జీ తీసి, రెండుగా తుంచి, సగం ఆయన చేతిలో పెట్టింది.

"మీరు ఊకోరు గద," అని లేచి, చీర చూపించడానికి బీరువా తాళం వెతుక్కుంటూ లోపలికి వెళ్లింది.